నాలుగు భాషల కాక

మార్చి నెలొస్తే మా మెడికల్ షాపులో జ్ఞాపకశక్తికి గిరాకీ పెరుగుతుంది. ముందు ఇంటర్ పరీక్షలు, వాటి వెనకే పదో తరగతి. ఈరోజు పొద్దున షట్టర్ ఎత్తి దేవుడి పటానికి అగర్‌బత్తి వెలిగించే లోపే ఒకామె వచ్చేసింది. "పిల్లగాడు చదివింది చదివినట్టే మర్చిపోతుండన్నా, ఏదన్నా మంచి సిరప్ ఉంటే ఇయ్యి" అంది. నా దగ్గర లేక కాదు. సరస్వతి ఆకు బొమ్మ ఉన్న సీసాలు పై అరలో రెండు మూడు రకాలున్నాయి. ఆ సిరప్ తాగి ర్యాంకు తెచ్చుకున్న పిల్లగాడిని మాత్రం నేనింతవరకు చూడలేదు. రాత్రి ఎన్నింటికి పడుకుంటాడని అడిగాను. ఒంటిగంట దాటుతుందట, పొద్దున అయిదింటికి లేపుతారట. పగలు చదివినదాన్ని మెదడు నిద్రలోనే సర్ది పెట్టుకుంటుందమ్మా, ముందు పదింటికి పడుకోబెట్టు, ఆ సీసా డబ్బులతో గుడ్లు కొనుక్కుపో అన్నాను. సరుకు లేక మాట తప్పిస్తున్నాననుకుందో ఏమో, నేరుగా ఎదురు షాపుకు పోయింది. అక్కడ దొరికే ఉంటుంది.

తర్వాత రోజూ ఉండే బేరమే. బీపీ, షుగరు, గ్యాస్ గోలీలు. పదకొండింటికి కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటుంది కాబట్టి కరెంటు పోతే నాకు టెన్షన్. అరగంటలో వచ్చింది.

పన్నెండు దాటాక మగ్గం కాక కొడుకు బండి మీద వాళ్ల నాయినను వెనక కూర్చోబెట్టుకొని వచ్చాడు. చేతిలో రెండు చీటీలు. ఒకటి హైదరాబాద్ పెద్ద డాక్టరుది, ఒకటి ఇక్కడి డాక్టరుది. "గోలీలు ఒడిసినయన్నా. నాయినను జరసేపు ఇక్కడ కూసోబెడతా, బ్యాంకుల పనుంది" అని స్టూలు మీద కూర్చోబెట్టి పోయాడు.

ఈ కాక గురించి రాయాలి. మాది నారాయణపేట. పేరుకు తెలంగాణ జిల్లానే, 2019 దాకా పాలమూరులో భాగమే, కానీ బస్సెక్కితే యాద్గిరి, రాయచూరు పక్కనే. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, షోలాపూర్ సేట్లతో మరాఠీ, ఆటో అతనితో ఉర్దూ, ఇక్కడ ఇది గొప్ప సంగతేమీ కాదు. కాక బడి మొహం చూడలేదు. చిన్నప్పుడే మగ్గం గుంటలో కూర్చున్నాడు. మా ఊరి చీరకు ఒకసారి పడుగు ఎక్కిస్తే ఎనిమిది చీరలు దిగుతాయి. ఆ పోగుల లెక్క, గళ్ల లెక్క, అంచు లెక్క అంతా ఆయన నోటి మీదే ఉండేది. నాలుగు భాషల్లో బేరమాడేవాడు, ఏ భాషలోనూ మోసపోయేవాడు కాదు.

ఆయనలో తేడా మొదట కనిపెట్టింది ఇంట్లోవాళ్లు కాదు, బజారువాళ్లం. నాతో కాక ఎప్పుడూ తెలుగే మాట్లాడతాడు. ఒకరోజు బీపీ గోలీలు తీసుకొని "ఎష్టాయ్తప్పా?" అన్నాడు, ఎంతైందని కన్నడంలో. నవ్వి డబ్బులు చెప్పాను. నవ్వులాటకు అన్నాడనుకున్నాను. తర్వాత మళ్లీ అట్లాగే. కిరాణా షాపు సేటు కూడా అదే చెప్పాడు: తనతో కన్నడం మాట్లాడే మనిషి ఉర్దూ ఎత్తుకున్నాడట. ఏ మనిషితో ఏ భాష మాట్లాడాలో చూసుకొనే పని ఒకటి మెదడులో ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. పది భాషలు వచ్చినవాడైనా ఎదుటి మనిషిని చూడగానే తొమ్మిదింటిని పక్కకు నెట్టి ఒకదాన్ని ముందుకు తేవాలి. రెండు మూడు భాషలు వచ్చినవాళ్లకు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు మొదలైతే అక్కడ తడబాటు వస్తుందని పరిశోధనలు చేసినవాళ్లు ముందే రాసిపెట్టారు. అప్పటికి నాకది తెలియదు. ఆ తర్వాత ఇచ్చిన డబ్బులే మళ్లీ ఇవ్వబోవడం, చివరకు పుట్టి పెరిగిన గల్లీలో ఇంటి మలుపు దాటి పోవడం. అప్పుడు కొడుకుకు భయమేసి హైదరాబాద్ తీసుకుపోయాడు.

ఇంటి తోవ తప్పడానికి కారణం ఉంది. అల్జీమర్స్‌లో టావు అనే ప్రోటీన్ చిక్కులు పడి నరాల కణాలను పాడు చేస్తుంది. అది మెదడంతటా ఒకేసారి మొదలుకాదని, ఎంటోరైనల్ కార్టెక్స్ అనే చోట పట్టుకొని అక్కడి నుంచి కొత్త జ్ఞాపకాలను నిలబెట్టే హిప్పోక్యాంపస్‌లోకి, ఆ తర్వాత పైకి పాకుతుందని జర్మనీలో హైకో బ్రాక్, ఎవా బ్రాక్ దంపతులు 1991లోనే చూపించారు. మనం ఎక్కడున్నాం, ఎటు పోతున్నాం అని లెక్కగట్టే గ్రిడ్ కణాలు ఉండేది కూడా ఆ ఎంటోరైనల్ కార్టెక్స్‌లోనే. వాటిని కనిపెట్టిన మోసర్ దంపతులకు, అంతకుముందు హిప్పోక్యాంపస్‌లో స్థలాన్ని గుర్తుపట్టే కణాలు చూసిన జాన్ ఓకీఫ్‌కు కలిపి 2014లో నోబెల్ ఇచ్చారు. జబ్బు మొదట పట్టుకునేదే దారి చూపే చోటును.

సరే, చీటీలు. హైదరాబాద్ చీటీలో డోనెపెజిల్ ఇదివరకు 5 ఉండేది, ఇప్పుడు 10 చేశారు. దాంతోపాటు బి12 సూదులు. మతిమరుపు అని పోతే ముందు బి12, థైరాయిడ్ చూస్తారు, దిగులు జబ్బు ఏమైనా ఉందా అని చూస్తారు. వాటివల్ల వచ్చే మరుపు మందులతో తగ్గేదే కాబట్టి. కాకకు బి12 తక్కువున్న మాట నిజమే, కానీ సూదులు పడ్డాక కూడా మరుపు పోలేదు. ఎమ్మారై, మిగతా పరీక్షలు అయ్యాక అల్జీమర్స్ తొలిదశ అని రాశారు. ఇక్కడి డాక్టర్ చీటీలో ఉన్నది ఆక్సిబ్యుటినిన్. మూత్రం ఆపుకోలేకపోతున్నాడని రాసిన గోలీ.

నా చెయ్యి అక్కడ ఆగింది. డోనెపెజిల్ చేసే పని మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం త్వరగా విరిగిపోకుండా చూడటం. జబ్బును ఆపదు, ఉన్న తెలివిని కొంతకాలం నిలబెడుతుంది, అంతే. అమెరికాలో 1996లో అనుమతి వచ్చిన మందు, ఇప్పటికీ మొదట రాసేది దీన్నే. దీనివల్ల కొందరికి మూత్రం ఆగదు. ఆక్సిబ్యుటినిన్ ఏమో అదే ఎసిటైల్‌కోలిన్‌ను పని చేయనీయకుండా అడ్డుకునే మందు. ఒకరు బోరు మోటరు వేస్తుంటే ఇంకొకరు పోయి గేటు వాల్వు మూసినట్టు. తలలోకి కూడా పోయే మందు కాబట్టి ముసలివాళ్లకు తికమక ఎక్కువ చేస్తుంది. ఒక డాక్టర్ రాసింది ఇంకో డాక్టర్‌కు తెలియకపోతే జరిగేది ఇదే, ఇద్దరిలో ఎవరూ తెలివితక్కువ వాళ్లు కారు. ఫోన్ చేసి చెప్పాను. ఆయన మొదట కొంచెం విసుక్కున్నాడు. డోనెపెజిల్ పేరు వినగానే తగ్గి, "అది ఇవ్వకండి, హైదరాబాద్ సార్‌తో మాట్లాడి చెప్తా" అన్నాడు. దురదకు, జలుబుకు, నిద్రకు అడిగి కొనుక్కునే గోలీల్లో కూడా ఇట్లా ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునేవి ఉన్నాయి. మా షాపుల్లో చీటీ లేకుండా పోయేవే ఎక్కువ.

ఫోన్ మాట్లాడుతుండగా కాక స్ట్రిప్ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఒక్కో గుంట తడుముతూ, పెదవులు కదుపుతూ లెక్క పెట్టాడు. "ఒకటి తక్కువుందిరా" అన్నాడు. చూస్తే నిజంగానే మూల గోలీ చిట్లి పొడైపోయి ఉంది. మార్చి ఇచ్చాను. ఇంతలో మోకాళ్ల నొప్పి మలాం కోసం ఒక పెద్దమ్మ వచ్చింది, గళ్ల చీర కట్టుకుంది. కాక స్టూలు మీద నుంచే ఓ చూపు చూసి, "ఇది మనూరి నేత గాదు, మిషన్‌ది" అనేశాడు.

"నీ కండ్లకేమైంది? నారాయణపేటదే, బజార్ల కొన్న" అంది ఆమె.

"అంచు సూడు, యెనక్కి మలిపి సూడు. నేను నేసినోణ్ని."

ఆమె అంచు తిప్పి చూసుకుంది. ఏమీ అనకుండా మలాం తీసుకొని పోయింది. కొన్నచోటికే పోయి ఉంటుంది, పాపం ఆ షాపాయన. కాక నా వైపు తిరిగి, "మావోడు యాడికి పోయిండు?" అన్నాడు. బ్యాంకుకు అన్నాను. కాసేపటికి మళ్లీ అదే అడిగాడు. కొడుకు వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు, ప్రతిసారీ కొత్తగానే. చేతుల్లోకి ఎక్కిన పని వేరు, ఈ పొద్దు జరిగింది నిలబెట్టుకునే పని వేరు. 1953లో మూర్ఛ తగ్గడానికని హెన్రీ మొలైసన్ అనే ఆయన మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో పెద్ద భాగం తీసేస్తే, తర్వాత కలిసిన మనిషినెవర్నీ ఆయన గుర్తు పెట్టుకోలేకపోయాడు. అయినా బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు అద్దంలో చూస్తూ గీత గీయడం నేర్పిస్తే చెయ్యి మాత్రం రోజురోజుకూ నేర్చుకుంది, నేర్చుకున్నానన్న సంగతి ఆయనకు తెలియకుండానే.

కొడుకు వచ్చాక ఇంకో మాట చెప్పాడు. రాత్రుళ్లు కలల్లో అరుస్తున్నాడట. డోనెపెజిల్ రాత్రి వేసుకుంటే కొందరికి కలలు గట్టిగా వస్తాయి. పొద్దున వేయవచ్చా అని డాక్టర్‌ను అడుగు, నువ్వే మార్చకు అని చీటీ వెనక రాసిచ్చాను. నాడి కూడా చూపించమన్నాను, ఈ మందు గుండె వేగం తగ్గిస్తుంది.

రెండింటి నుంచి నాలుగింటి దాకా ఎండకు బజారులో కుక్క కూడా తిరగదు. సగం షట్టర్ దించి, మా పెద్దమ్మాయి పంపిన పరిశోధన పేపర్ తెరిచాను. హైదరాబాద్‌లో సైకాలజీ చదువుతున్నది, కాక సంగతి ఫోన్‌లో చెప్తే "నాయినా, ఇది చదువు, ఇది మనోళ్ల గురించే" అని పంపింది. నిజంగా మనవాళ్ల గురించే. డాక్టర్ సువర్ణ అల్లాడి, అప్పట్లో మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టు, తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్‌కు వెళ్లారు. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పేరు) రోగుల రికార్డులు 648 చూశారు. అందులో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. 2013లో న్యూరాలజీ అనే పత్రికలో వచ్చింది.

నాలుగున్నర ఏళ్లంటే మాటలు కాదు. అంత వెనక్కి నెట్టే గోలీ ఏదీ నా అరల్లో లేదు.

ఇట్లాంటి మాట అంతకుముందు కెనడాలో ఎలెన్ బియాలిస్టాక్ అనే పరిశోధకురాలి జట్టు కూడా చెప్పింది. కానీ అక్కడ రెండు భాషల వాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. ఆలస్యం భాషవల్లనా, వలస వచ్చినవాళ్ల తీరే వేరేగా ఉండటంవల్లనా, చదువువల్లనా అనే పేచీ తెగలేదు. హైదరాబాద్‌లో ఆ పేచీ లేదు. తెలుగు, దక్కనీ, హిందీ ఎవరూ ఎక్కడి నుంచో తెచ్చుకున్నవి కావు, పుట్టి పెరిగిన గల్లీలో దొరికినవి. చదువు మాట తేల్చడానికి బడికి పోనివాళ్లను విడిగా చూస్తే తేడా తగ్గలేదు సరికదా, ఆరేళ్లు కనిపించింది. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. చదువుకున్నవాళ్ల మెదడు గట్టిది అని ఎన్నిచోట్ల చదివామో లెక్క లేదు. ఇక్కడేమో వేలిముద్ర వేసేవాళ్లు, సంతలో, మగ్గం దగ్గర, బస్సులో రెండు భాషలు తిప్పుకుంటూ బతికినవాళ్లు, తెలియకుండానే మెదడుకు కసరత్తు చేయించుకున్నారు. పాలమూరు లేబర్ అని పేరు పడి బొంబాయి దాకా మట్టి మోసినవాళ్లు మరాఠీ, హిందీ ఏ బడిలో నేర్చుకున్నారు?

రెండు భాషల తర్వాత మూడోది, నాలుగోది వచ్చినంత మాత్రాన ఇంకా లాభమేమీ కనిపించలేదని కూడా అందులోనే ఉంది. కాకకు చెబితే మిగతా రెండూ దండగ అయినాయంటాడు.

దీన్ని పట్టుకొని అరవై ఏళ్లవాళ్లకు ఫోన్‌లో స్పానిష్ నేర్పే యాప్‌లు అమ్మేవాళ్లంటే నాకు మంట. ఆ పేపర్ చెప్పేది జీవితమంతా వాడిన భాషల గురించి. అదీగాక అది క్లినిక్‌కు వచ్చినవాళ్ల లెక్క. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్లతరబడి వెంబడించి చూసిన పరిశోధనల్లో అన్నిటికీ ఇదే ఫలితం రాలేదు. జబ్బు రాకుండా ఆపుతుందని అల్లాడి మేడమ్ ఎక్కడా అనలేదు. లోపల చెడుతూనే ఉంటుంది, బయటపడటం వెనకబడుతుంది. కాకకూ వచ్చింది కదా, నాలుగు భాషలు పెట్టుకొని. ఒక్క తెలుగే వచ్చి ఉంటే ఎప్పుడో వచ్చేదా? ఒక మనిషి విషయంలో అది చెప్పడం ఎవరివల్లా కాదు.

నాకు ఇంకోటి అనిపించింది. ఈ జబ్బును తొలిదశలో పట్టాలంటే ప్రశ్నలు అడగాలి. దేశమంతా వాడే పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. అందులో వందలోంచి ఏడు తీసేస్తూ పో, ఈ కాగితం చదివి అందులో ఉన్నట్టు చెయ్యి, ఒక వాక్యం రాయి అని ఉంటుంది. కాకను ముప్పై ఏళ్లప్పుడు అడిగినా అందులో తప్పేవాడు. అప్పుడు మగ్గం మీద ఎనిమిది చీరల లెక్క తలలో ఉండేది. హర్యానాలో బల్లభ్‌గఢ్ ఊళ్లలో పని చేసినవాళ్లు ఆ పరీక్షను చదువురాని రైతులకు పనికొచ్చేలా మార్చారు. చదివి కళ్లు మూసుకో అనే బదులు, నేను చేసినట్టు చెయ్యి అని వాళ్లే కళ్లు మూసి చూపిస్తారు. వాక్యం రాసే బదులు మీ ఇంటి గురించి ఒక మాట చెప్పు అంటారు. ఇప్పుడు కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ తరఫున తెలుగు, కన్నడం, హిందీ, బెంగాలీ, మలయాళంలో పరీక్షలు తయారయ్యాయి, అందులోనూ అల్లాడి మేడమ్ పని ఉంది. ఇట్లాంటి పనికి పేపర్లలో హెడ్డింగులు రావు.

హెడ్డింగులు వచ్చేది లెకానెమాబ్‌కు. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ గడ్డలను తీసేసే మందు, 2023లో అమెరికా అనుమతించింది. పద్దెనిమిది నెలల్లో క్షీణత 27 శాతం నెమ్మదించిందట. తొలిదశవాళ్లకే, మొదట్లో రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి, మెదడులో వాపు, రక్తస్రావం చూడటానికి మళ్లీ మళ్లీ ఎమ్మారై తీయాలి. 2023లో వచ్చినప్పుడు అక్కడి ధర ఏడాదికి 26,500 డాలర్లు, మన డబ్బుల్లో ఇరవై లక్షల పైమాటే. పనికిరాదని అనను, సైన్సులో పెద్ద అడుగే. కానీ మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతానికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023 అంచనా. పట్నంలో కంటే ఊళ్లలోనే ఎక్కువ. కాక కొడుకు బి12 సూదులకే బ్యాంకులో పంట రుణం డబ్బులు తీసి ఇస్తున్నాడు.

రాత్రి అన్నాలప్పుడు మా అమ్మతో చిన్న లొల్లి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 14 కారణాలు చెప్పింది, వాటిని సరిదిద్దుకోగలిగితే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చట. బీపీ, షుగరు, పొగ అందరికీ తెలిసినవే. చెవుడు కూడా అందులో పెద్ద కారణమేనంటే అమ్మ నమ్మదు. చెవి మిషన్ కొనిచ్చి చాలాకాలమైంది, అల్మారాలో డబ్బాతో సహా పడుకుంది. షాపు నుంచి కొత్త బ్యాటరీ తెచ్చి వేసి, చెవికి పెట్టి, టీవీలో ఆమె సీరియల్ పెట్టాను. కాసేపు శ్రద్ధగా విన్నది. "గీ కోడలు గొంతు గింత కీచుగుంటదారా? నేను మంచిదనుకున్న" అని మిషన్ తీసి నా చేతిలో పెట్టింది.

చివరికి బేరం కుదిరింది. సీరియల్ టైములో పెట్టుకోదట, ఆదివారం మా పెద్దమ్మాయి ఫోన్ చేసినప్పుడు పెట్టుకుంటుందట. మిగతా రోజుల మాట రేపు మాట్లాడుకోవాలి. ఆర్డర్ పుస్తకంలో బ్యాటరీలు, డోనెపెజిల్ 10 రాశాను. సరస్వతి ఆకు సిరప్ ఈసారి రాయలేదు, ఉన్నవి అమ్ముడుపోతే చాలు.